హీటర్లో చల్లగాలి

కిందటి వారం భాగాన్ని నేను కొండవాలులో ఉండగా ఆపేశాను. ఇంజన్ ఆపేసి, గేరు తీసేసి, బ్రేకు మీద కాలుంచి, ఆవిరి కక్కుతున్న కారును కిందికి దొర్లించుకుంటూ వస్తున్నాను. పక్క సీట్లో నా మరదలు దెసాంక. డయాలిసిస్ చేయించుకుని ఇంటికొస్తున్న మనిషి. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఆ వాలు ఎక్కడ ముగుస్తుందో నాకు తెలుసు. ఒబ్రాద్ గేటు దగ్గర. నేను జన్మలో మళ్లీ ఆగకూడదనుకున్న చోటు అదొక్కటే.

కారు అక్కడే ఆగింది.

ముందు భాగాలు చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఒబ్రాద్ నా కూమ్. నా పెళ్లిలో నా పక్కన నిలబడి సాక్షి సంతకం పెట్టినవాడు. మా వైపు అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు గానీ కూమ్ మీద ఎవరూ కోర్టుకెక్కరు. వాడు మెకానిక్. కిందటేడు ఆకులు రాలే రోజుల్లో నా కారు హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్‌కీ దాని పైభాగమైన హెడ్‌కీ మధ్య ఉండే పట్టీ, పోతే వాడి షెడ్డులో పెట్టాను. అప్పటికి నా భార్య స్తామెనాకు వారానికి మూడుసార్లు డయాలిసిస్ జరుగుతోంది. నది పక్క ఊళ్లలో కొన్ని ఇళ్లకు ఆ కిడ్నీ జబ్బు ఉంది. స్తామెనా పుట్టింటికీ ఉంది. కారు ఎప్పుడిస్తావంటే ఒబ్రాద్ రోజూ "రేపు" అనేవాడు. పొరుగువాళ్ల కారు అడుగుతానంటే స్తామెనా వద్దనేది. "కూమ్ రేపిస్తాడటగా, ఒకళ్ల గుమ్మం ఎక్కడమెందుకు? ఒక్కసారి తప్పితే ఏమవుతుంది?" ఆసుపత్రి వ్యాన్ పిలుస్తానంటే అందులో వాంతులవుతాయనేది. ఒక్కసారి కాదు, చాలాసార్లు తప్పింది. ఓ తెల్లవారుజామున పోయింది. అదే రోజు మధ్యాహ్నం ఒబ్రాద్ కారు తెచ్చి నా ఇంటి ముందు పెట్టాడు. శవపేటిక వెనక ఆ కారులోనే వెళ్లాను. ఆ తర్వాత వాడితో మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ జబ్బు ఆమె చెల్లెలికి. ఈ వసంతంలో వరద వచ్చి వంతెనను ఊడబెరుక్కుపోయింది. ఆసుపత్రి వ్యాన్ రాదు. కార్లున్నవాళ్లు అవతలి ఒడ్డున చుట్టాలిళ్లకు చేరారు. కొండ మీది అడవిదారి ఒక్కటే మిగిలింది. ఒకసారి దెసాంకను ట్రాక్టరు మీద తీసుకెళ్లాను. సగం దారిలో సొమ్మసిల్లింది. మిగిలింది నా కారు. ఆ కారు కొండెక్కితే ఉడుకుతోంది. ఎల్లుండి పొద్దున ఆమె మళ్లీ ఆసుపత్రిలో ఉండాలి.

ఇదీ సంగతి.

"కిటికీ మూయ్ బావా," అంది దెసాంక. "మెడ పట్టేస్తుంది."

జూలై నెల. బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఇంజన్ వేడి కొంతైనా లాగుతుందని హీటర్ పూర్తిగా తిప్పి పెట్టాను. అయినా ఆమెకు భయం కిటికీల మధ్య దూరే గాలంటే. మా మనుషులు తుపాకీ ముందు నిలబడతారు, ఎదురెదురుగా తెరిచిన రెండు కిటికీల మధ్య మాత్రం నిలబడరు.

"కారు ఆగిపోయింది. ఇంక గాలెక్కడిది?"

"వస్తోంది. కాళ్ల మీదికి వస్తోంది. చల్లగా."

దిగాను. బానెట్ ఎత్తాను. రేడియేటర్ మూత మీదికి గుడ్డతో చెయ్యి పోనిచ్చాను.

"మూత ముట్టుకోకు."

స్తామెనాను పాతిపెట్టిన రోజు తర్వాత ఒబ్రాద్ నాతో అన్న మొదటి మాట అది. గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కాళ్లకు ఇంట్లో వేసుకునే చెప్పులు, ఒంటి మీద రంగు వెలిసిన నీలం కోటు. గడ్డం తెల్లగా మాసింది. మనిషి సగమయ్యాడు. నాకేమీ జాలి కలగలేదు.

"నాకు తెలుసు," అన్నాను.

"తెలిస్తే చెయ్యి తియ్యి. మొహం కాలుతుంది. ఉన్న మొహమే అంతంత మాత్రం."

"పెళ్లిచూపులకేం పోవట్లేదులే," అంది దెసాంక లోపల్నుంచి.

"నువ్వా దెసాంకా? ఎలా ఉన్నావు?"

"ఎలా ఉంటాను ఒబ్రాదన్నా? ఉతికి ఆరేశారు. ఎల్లుండి మళ్లీ ఉతుకుతారు."

వాడు గేటు రెండు తలుపులూ తీశాడు. నన్ను లోపలికి రమ్మనలేదు. కారు వెనక్కి వెళ్లి రెండు చేతులూ ఆనించి నా వంక చూశాడు. ఇద్దరం నెట్టాం. పక్కపక్కన నిలబడి నెట్టడం మాకు అలవాటే. ఆ అలవాటు మీద నాకు కోపం వచ్చింది.

కారును ద్రాక్ష పందిరి పక్కన ఆపాం. చల్లారేదాకా చేసేదేమీ లేదు. ఒబ్రాద్ భార్య కొసారా కూతురింటికి వెళ్లిందట. వాడే లోపలికి వెళ్లి కాఫీ పెట్టి తెచ్చాడు. రెండు కప్పులు నిండుగా, ఒకటి సగం. సగం కప్పు దెసాంక ముందు పెట్టాడు. ఆమెకు నీళ్లు కొలత ప్రకారమేనని వాడికి గుర్తుంది. స్తామెనాకూ అలాగే సగం పోసేవాడు.

"ఆ బకెట్లు దేనికి?" అంది దెసాంక.

"ఇంజన్‌కి. చల్లారాక పొయ్యాలి."

"చూశావా బావా. దానికి బకెట్లు. నాకు సగం కప్పు. మరుజన్మలో కారై పుడతా."

ఒబ్రాద్ నవ్వాడు. నేను నవ్వలేదు. వాడు రకియా, మా పళ్ల సారా, సీసా బల్ల మీద పెట్టాడు. మూడు వేళ్లతో గ్లాసు నా వైపు జరిపాడు. మొదటి చుక్క పోయినవాళ్ల పేర నేల మీద ఒలకబోయాలి. ఎవరి పేర పొయ్యాలో ఇద్దరికీ తెలుసు. నేను గ్లాసు ముట్టుకోలేదు. వాడూ తన గ్లాసు నింపుకోలేదు.

చాలాసేపటికి లేచి, అరచెయ్యి ఇంజన్ మీద పెట్టి చూశాడు.

"చూడనా?"

"నువ్వు చేసిందే. నువ్వే చూడు."

వాడు మూత తీశాడు. ఇంజన్ ఆయిల్ మూత కూడా తీసి లోపలి వైపు వేలితో రాసి వెలుగులో పట్టుకున్నాడు. తెల్లని మీగడ ఉంటే నీళ్లు ఆయిల్లో కలుస్తున్నట్టు. మీగడ లేదు. రేడియేటర్ నింపాడు. నన్ను స్టార్ట్ చెయ్యమని, నీళ్లలో బుడగల కోసం తల వంచి చూశాడు. గాస్కెట్ పోయుంటే బుడగలు ఆగకుండా వస్తాయి. రాలేదు. ఆపమన్నాడు.

"గాస్కెట్ బాగుంది," అన్నాడు. గొంతులో ఓ రవ్వ గర్వం. "హెడ్ సరిగ్గానే కూర్చుంది. నా పని బాగానే ఉంది కూమా."

"నీ పని ఎప్పుడూ బాగానే ఉంటుంది. రేపటికి గానీ అవ్వదు, అంతే."

వాడు స్పానర్ వెతుక్కున్నాడు. దెసాంక కాఫీ కప్పులోకి చూసింది.

"థర్మోస్టాట్ అయ్యుంటుంది," అన్నాడు కాసేపటికి. "మూసుకుపోయి తెరుచుకోకపోతే నీళ్లు రేడియేటర్‌కి పోవు. తీసి పారేద్దాం. ఎండాకాలం అదెందుకు?"

మా వైపు సగం కార్లలో ఆ ముక్క ఉండదు. ఎండాకాలం తీసేస్తారు, మళ్లీ పెట్టరు.

"చలికాలం వస్తే? ఎప్పుడు పెడతావు? రేపా?"

"తీసి చూద్దాం అంటున్నా. చూస్తే తప్పేంటి?"

"పారేద్దామన్నావు."

"చూద్దామంటున్నా."

"ఇద్దరూ కోడిపుంజుల్లా ఉన్నారు," అంది దెసాంక. "తియ్యండి. ఉడకబెట్టి చూడండి. మా నాన్న అలాగే చూసేవాడు."

తీశాం. అరచేతిలో ఇమిడే ఇత్తడి ముక్క. దెసాంక లేచి, గోడ పట్టుకుంటూ పందిరి పక్కనున్న వంటింట్లోకి వెళ్లింది. పొడుగు పిడి ఉన్న రాగి కాఫీ గిన్నెలో నీళ్లు పోసి, ఆ ముక్కను దారంతో వేలాడదీసి పొయ్యి మీద పెట్టింది.

"కాఫీ గిన్నెలో గ్రీజు! కొసారా చూసిందంటే మీ ఇద్దర్నీ ఇందులోనే ఉడకబెడుతుంది."

"కొసారాకి చెప్పకు."

"గిన్నే చెబుతుంది."

నీళ్లు మరగకముందే ఆ ముక్క నెమ్మదిగా విడివడింది. "నోరు తెరిచింది," అని కేకేసింది దెసాంక. "మునసబు ఆవలించినట్టు తెరిచింది." చల్లనీళ్లలో వేస్తే మూసుకుంది. దాని తప్పేమీ లేదు. కడిగి మళ్లీ బిగించాం.

ఇక గాలి. నీళ్ల దారిలో ఎక్కడైనా గాలి చిక్కుకుంటే నీళ్లు అక్కడ తిరగవు. కారు మూతి పైకుండేలా ఎండుగడ్డి కొట్టం ముందున్న మిట్ట మీదికి ఎక్కించాం. ఒబ్రాద్ మూత తెరిచి పెట్టి నీళ్లు పోస్తుంటే నేను రబ్బరు పైపుల్ని ఆవు పొదుగు పిండినట్టు పిండాను. నాలుగు పెద్ద బుడగలు వచ్చాయి. ఐదోది కూడా.

"ఇదే," అన్నాడు ఒబ్రాద్. మొహం వెలిగింది. "గాలే కూమా. అంతా గాలే. నేను హెడ్ బిగించాక గాలి సరిగ్గా తియ్యలేదేమో. ఇప్పుడు పోయింది."

నేనూ నమ్మాను. నమ్మాలనిపించింది. గాలైతే ఎవరి తప్పూ కాదు.

స్టార్ట్ చేసి ఇంజన్ గట్టిగా తిప్పాను, కొండెక్కేటప్పుడు తిరిగినంత. వేడి చూపే ముల్లు మధ్యలో కాసేపు ఆగింది. దెసాంక చేతులు జోడించుకుని చూస్తోంది. ముల్లు మళ్లీ కదిలింది. ఆగలేదు. ఎర్రగీత దాటింది.

"ఆపు," అన్నాడు ఒబ్రాద్.

ఆపాను. వాడు రేడియేటర్ మీద చెయ్యి పెట్టాడు. తియ్యలేదు. అక్కడే పెట్టుకుని నిలబడ్డాడు.

"గోరువెచ్చగా ఉంది," అన్నాడు. "పంపు తిరుగుతోంది, నీళ్లు వస్తున్నాయి, చూశాను. రేడియేటర్ వేడెక్కనే లేదు. ఇంజన్ మాత్రం ఉడుకుతోంది. నాకు అర్థం కావట్లేదు."

మెట్టు మీద కూలబడ్డాడు. నేను కారుకు ఆనుకున్నాను. మా ఇద్దరి వయసుకూ ఆ రోజుకు పని ఎక్కువైంది. దూరంగా నది అవతల ఎవరిదో రంపం మోగుతోంది. కొండ వైపు చూశాను. ఎల్లుండి పొద్దున ఆ కొండ అక్కడే ఉంటుంది. దెసాంక ఎన్నిసార్లు తప్పించగలదు? ఒకసారా? అలాంటి లెక్క మా ఇంట్లో ఓసారి వేశాం.

దెసాంక కారెక్కి కాళ్లు చాపుకుంది. నిలబడే ఓపిక పోయింది.

"మీరు దీన్ని బాగుచేసేటప్పుడే హీటర్ కూడా బాగుచెయ్యండి," అంది. "రాబోయే చలికాలం దాకా నేనుంటే పనికొస్తుంది."

"హీటర్‌కేమైంది?" అన్నాడు ఒబ్రాద్.

"వేడి రాదు. చలికాలమంతా రాలేదు. కాళ్లు గడ్డకట్టేవి. బావకు చెబితే, నీ ఒంట్లోనే వేడి లేదు, కారేం చేస్తుందన్నాడు."

ఆ మాట అన్నాను. జబ్బు మనిషి సణుగుడు అనుకున్నాను.

"ఇవాళ దార్లో?"

"ఇవాళ కూడా. ముందు మంటలు, కాళ్ల దగ్గర మంచు. కిటికీ మూయమంటే బావ కళ్లెర్రజేశాడు."

ఒబ్రాద్ లేచాడు. కారులోకి వంగి, తాళం తిప్పి, ఫ్యాన్ పెట్టి, గాలి వచ్చే చోట అరచెయ్యి పెట్టాడు. నన్నూ పెట్టమన్నాడు. ఇంజన్ మీద కోడిగుడ్డు వేయించుకోవచ్చు. గాలి మాత్రం నేలమాళిగలోంచి వస్తున్నట్టుంది.

"హీటర్‌కి నీళ్లు హెడ్ వెనక నుంచి పోతాయి," అన్నాడు మెల్లగా, నాతో కాదు, తనతో. "అక్కడ నీళ్లు కదలట్లేదు. వెనక సిలిండర్ దగ్గర నిలవున్న నీళ్లు నిలవున్నట్టే ఉడుకుతున్నాయి. చలికాలంలో, చదును రోడ్డు మీద సరిపోయింది. కొండెక్కితే సరిపోవట్లేదు." ఆగాడు. "అక్కడ ఏదో ఉంది."

వాడి మొహంలో రంగు మారింది. అప్పుడు దాన్ని అలసట అనుకున్నాను.

"చల్లారనీ. నేను తీస్తాను," అన్నాడు.

"నువ్వు ముట్టుకోకు. నేను తీస్తా."

"నీ చెయ్యి అక్కడ పట్టదు కూమా."

"పట్టించుకుంటా."

ఎండ పందిరి మీంచి దిగి గోడ మీదికి వచ్చాక ఇంజన్ చల్లారింది. తాళం తీసి జేబులో వేసుకుని, నీళ్లు బకెట్లోకి వదిలాను. హెడ్ వెనక పైపు క్లిప్ విప్పాను. వేళ్ల చర్మం రెండు చోట్ల లేచిపోయింది. పందిరికి కట్టిన తీగ ఒక ముక్క తుంచి, కొసను గాలంలా వంచి, రంధ్రంలోకి పంపాను. మెత్తగా తగిలింది. ఇనుములో మెత్తనిది ఉండకూడదు. తిప్పి లాగాను. జారింది. మళ్లీ తిప్పాను. ఈసారి పట్టింది. బురద రంగులో, తడిసి ముద్దయిన గుడ్డ, పేగులా సాగుతూ బయటికి వచ్చింది.

"గుడ్డ," అన్నాను.

ఒబ్రాద్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

మెకానిక్‌లందరూ చేసే పనే. హెడ్ విప్పి పాత గాస్కెట్ గీకేటప్పుడు ఆ పొడి లోపల పడకుండా రంధ్రాల్లో గుడ్డలు కుక్కుతారు. అయ్యాక తీస్తారు. తియ్యడం మరిచిపోతే ఇలా జరుగుతుంది. వాడు మరిచిపోయాడు. అంతవరకైతే నేను ఇంకో పది తిట్లు తిట్టి ఊరుకునేవాణ్ణి. గుడ్డను బకెట్లో జాడించాను, ముక్క లోపల తెగిపోయిందేమో చూడటానికి. బురద వదిలింది. కింద నీలం రంగు తేలింది. మెత్తని చలికాలపు గుడ్డ. అంచున ఒక బొత్తం కాజా. కాజా చుట్టూ ఎర్రదారం.

నీలం దారం అయిపోతే ఎర్రదారంతో కుట్టింది. ఎవరు చూస్తారులే అంది. నేను చూశాను. ఇరవై చలికాలాలు పొయ్యి ముందు ఆ ఎర్ర కాజా చూశాను.

"ఇది స్తామెనా చొక్కా," అన్నాను.

దెసాంక కారు దిగింది.

మా వైపు పోయినవాళ్ల బట్టలు నలభయ్యో రోజున పంచుతాం. తీసుకున్నవాళ్లు కనీసం ఒక్కసారైనా వేసుకోవాలి. కత్తెర పెట్టకూడదు, నేల తుడవకూడదు. ఇది పూజారి చెప్పింది కాదు. అందరికీ తెలిసింది. స్తామెనా బట్టలు మూటగట్టి ఒబ్రాద్ భార్యకే ఇచ్చాను, ఎవరికి అవసరమో ఆమెకు తెలుసని. ఒబ్రాద్‌తో మాట్లాడకపోయినా ఇచ్చాను.

"ఎవరికైనా తొడుగుతారని ఇచ్చాను," అన్నాను. "నువ్వు చించి నూనె తుడుచుకున్నావా? నా భార్య చొక్కా చించి ఇంజన్లో కుక్కావా? ఆమె బతికుండగా కారివ్వలేదు. చచ్చాక చొక్కా చించావు. ఇంకేమైనా మిగిలిందా కూమా? చెప్పు, అది కూడా తెచ్చిస్తా."

వాడు తల దించుకున్నాడు. నా చేతిలో స్పానర్ ఉంది. అది ఉందని నాకు తెలుసు. వాడికీ తెలుసు.

"బావా," అంది దెసాంక.

"నువ్వు ఆగు."

"ఆ బట్టలు మడతపెట్టింది నేను. ఒక్కొక్కటీ నేనే మడతపెట్టాను. ఈ చొక్కా అందులో లేదు. వెతికాను కూడా. నేను ఉంచుకుందామనుకున్నా."

"అయితే ఏం?"

"ఆలోచించు."

ఆలోచించడానికి నాకు ఇష్టం లేదు. అయినా లెక్క దానంతటదే తేలింది. నలభయ్యో రోజుకు కారు నా దగ్గరే ఉంది. శవపేటిక వెనక నడిపిందే ఆ కారు. అప్పటికి ఇంజన్ మూసేసి ఉంది. గుడ్డ లోపలే ఉంది. ఆమె పోకముందే, ఆమె చొక్కా ముక్క ఈ షెడ్డులో ఉంది.

గుడ్డను చేతిలో తిప్పి మళ్లీ చూశాను.

"ఎలా వచ్చింది ఇక్కడికి?" అన్నాను.

ఒబ్రాద్ కోటు జేబులోంచి చేతులు తీసి, వాటికి ఏం పని చెప్పాలో తెలియనట్టు చూసుకున్నాడు.

"ఆమే తెచ్చింది," అన్నాడు.

"ఎవరు?"

"స్తామెనా. నువ్వు కారు తెచ్చిపెట్టిన మర్నాడు. నువ్వు అడవికి కట్టెలకు పోయావు. నడుచుకుంటూ వచ్చింది. మీ ఇంటి నుంచి ఇక్కడికి, ఆ ఒంటితో. గోడ పట్టుకుని చాలాసేపు ఊపిరి తీసుకుంది. చేతిలో పాత గుడ్డల మూట. నీకు తుడుచుకోవడానికి పనికొస్తాయి కూమా అని తెచ్చా, అంది. అప్పుడు నేను హెడ్ విప్పి రంధ్రాలు మూస్తున్నా. ఒకటి తక్కువైతే ఆ మూటలోంచే తీసి చించాను. ఆమె చూస్తుండగానే. అప్పటికి అది పోయినవాళ్ల బట్ట కాదు కూమా. బతికున్నావిడ ఇచ్చిన పాత గుడ్డ."

"ఇంకేమంది?"

"నిదానంగా కానివ్వు, అంది."

ఆ మాట మా ఊళ్లో అందరూ అందరితోనూ అంటారు. గోడ కట్టేవాడితో, చెప్పులు కుట్టేవాడితో, కాఫీ తెచ్చే పిల్లతో. తొందరేం లేదు, నిదానంగా కానివ్వు. దానికి అర్థమే ఉండదు.

"మర్యాదకు అందనుకున్నా," అన్నాడు ఒబ్రాద్. "అలాగే వదినా, అన్నాను. గేటు దాకా పోయింది. అక్కడ ఆగి వెనక్కి తిరిగింది. మళ్లీ అంది. నిదానంగా కానివ్వు కూమా. నువ్వు కారు ఇవ్వనంత కాలం నేను ఇంట్లో ఉంటాను, అంది. చేతులు చూపించింది. సూదులతో చిల్లులు పడ్డ చేతులు. నా వల్ల కావట్లేదు, అతనికి చెబితే ఊరుకోడు, అంది."

ఆగాడు. కోటు అంచుతో వేళ్లు తుడుచుకున్నాడు.

"ఆమె ఇంటికి వెళ్లిపోయాక ఎన్ని గుడ్డలు కుక్కానో లెక్క తప్పింది. ఎన్ని తీశానో కూడా తెలియదు. రెండు రోజులకే కారు తయారైపోయింది కూమా. షెడ్డులో దుప్పటి కప్పి పెట్టాను. నువ్వు వచ్చి అడిగిన ప్రతిసారీ రేపు అన్నాను. రోజూ అన్నాను."

వాడి మొహం మీద స్పానర్ వెయ్యడానికి ఇంతకన్నా మంచి సమయం ఉండదు. చెయ్యి లేవలేదు. ఆ బరువు నా భుజానికి ఎక్కువనిపించింది. బకెట్ అంచు మీద కూర్చోబోయాను. బకెట్ ఒరిగింది. బురదనీళ్లు రాళ్ల మీద పారి నా బూట్లు తడిపాయి.

"నాకు ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"తనే చెబుతానంది," అన్నాడు ఒబ్రాద్. తల ఎత్తి, మొదటిసారి, సూటిగా నన్ను చూశాడు. "సమయం చూసి నీకు చెబుతానంది. నువ్వు మాట్లాడటం మానేస్తే, తెలిసే మానేశావనుకున్నా. ఇన్నాళ్లూ అదే అనుకున్నా. చెప్పలేదా?"

చెప్పలేదు. ఆఖరి రాత్రి కూడా, రేపు కూమ్ కారిస్తాడు, పడుకో, అంది.

తల తిప్పి దెసాంకను చూశాను. ఎందుకు చూశానో తెలియదు. ఆమె ఆశ్చర్యపోలేదు. నీళ్లు లేని ఆ పొడి మొహంలో ఎక్కడా ఆశ్చర్యం లేదు. కారు తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"నీకూ తెలుసు," అన్నాను.

"చెప్పమని నాకే అప్పగించింది," అంది దెసాంక. "నా వల్ల కాదు, నువ్వు చెప్పు చెల్లీ, అంది."

"మరి?"

"చెబితే నువ్వు అక్కను భుజాన వేసుకునైనా తీసుకెళ్లేవాడివి. ఆమెకు అది వద్దు. నోరు మూసుకున్నాను."

"అయినవాళ్లు ముగ్గురు," అన్నాను. "ముగ్గురికీ తెలుసు. నాకు తెలియదు."

ఒబ్రాద్ ఒంగి, ఒరిగిన బకెట్ నిలబెట్టాడు. దెసాంక రెండడుగులు నా వైపు వేసి ఆగింది. అంతకంటే దగ్గరికి రాలేదు.

"తిట్టు," అంది. "జీవితాంతం తిట్టు. కానీ నేను అక్కను కాదు బావా. ఆమెకు చాలనిపించింది. నాకు ఇంకా చాలనిపించలేదు. నాకు బతకాలనుంది. ఎల్లుండి నన్ను ఆ కొండ దాటిస్తావా, దాటించవా? ఇప్పుడే చెప్పు. ట్రాక్టరువాణ్ణి అడగాలంటే నేను ఇప్పుడే బయల్దేరాలి."

ఇంజన్ నోరు తెరుచుకునే ఉంది. మూయడం ఒబ్రాద్‌కే వచ్చు. తాళం నా జేబులో ఉంది.